ఒకే మాత్ర... ఇంట్లో ముగ్గురు

ఓపీలో ఒక్కోసారి రోగి చెప్పే మాట కంటే వెంట వచ్చినవారు చెప్పే మాటే అసలు సంగతి బయటపెడుతుంది. ఈ మధ్య 67 ఏళ్ల రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన షుగర్ చూపించుకోవడానికి మా దగ్గరికి వచ్చారు. వెంట కోడలు వచ్చింది. ఆమెకు మూడో నెల. మందుల సంచిని బల్ల మీద గుమ్మరించమన్నాను. నాకది అలవాటు. చీటీలో లేని మందులు చాలాసార్లు సంచిలో దొరుకుతాయి.

షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఉన్నాయి. వాటితో పాటు ప్రోస్టేట్ గ్రంథి వాపునకు రెండేళ్ల కిందట యూరాలజిస్టు రాసిన ఫినాస్టెరైడ్ 5 మిల్లీగ్రాముల మాత్రలూ ఉన్నాయి. నెలకు సరిపడా కంటే ఒక స్ట్రిప్పు ఎక్కువే కనిపించింది.

‘‘ఇదెందుకండీ అదనంగా?’’ అని అడిగాను.

‘‘అది మావాడికి డాక్టరు గారూ. జుట్టు ఊడిపోతోందని రోజూ నాలుగో వంతు వేసుకుంటున్నాడు. జుట్టుకని విడిగా అమ్మేది ఖరీదు ఎక్కువట, మందు మాత్రం ఇదేనట’’ అన్నారాయన.

కోడలు నవ్వుతూ అందుకుంది. ‘‘ఆయన కోస్తే పొడిపొడి అయిపోతుందండీ. రోజూ రాత్రి నేనే చాకుతో కోసిపెడతాను.’’

ముగ్గురికీ అందులో తప్పేమీ కనిపించలేదు. కనిపించేలా మా డాక్టర్లం వాళ్లకు చెప్పిందీ లేదు. తండ్రి గ్రంథి, కొడుకు జుట్టు, కోడలి కడుపులోని బిడ్డ... ఈ మూడింటినీ కలిపే దారం ఒకటుంది. ఆ దారం మీకు తెలిస్తే ఇలాంటి పొరపాట్లు మీ ఇంట్లో జరగవు. ఈ వారం దాని గురించే చెబుతాను.

వయసుతో తగ్గాల్సింది పెరుగుతుందెందుకు?

ప్రోస్టేట్‌ను మనవాళ్లు పౌరుష గ్రంథి అంటారు. మగవారిలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. యువకుల్లో సుమారు 20 గ్రాములు, అంటే పెద్ద ఉసిరికాయంత. యాభై దాటాక చాలామందిలో ఇది మెల్లగా ఉబ్బుతుంది. మూత్రనాళాన్ని నొక్కుతుంది. రాత్రి నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నబడటం, పోసి వచ్చినా ఇంకా మిగిలినట్టు అనిపించడం అందుకే. ఇది క్యాన్సర్ కాదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘మగ హార్మోన్ వల్లే ఆ గ్రంథి పెరుగుతుందంటారు. మరి వయసు పైబడేకొద్దీ ఆ హార్మోన్ తగ్గుతుందంటారు కదా. తగ్గితే గ్రంథి కూడా చిన్నదవ్వాలి. పెరుగుతుందేమిటి?’’

మంచి ప్రశ్నే. రక్తంలో టెస్టోస్టిరాన్ నడివయసు నుంచి నెమ్మదిగా తగ్గుతుందన్నది నిజమే. అయితే ప్రోస్టేట్ దాన్ని ఉన్నది ఉన్నట్టుగా వాడుకోదు. పాలవాడు వీధిలో అందరికీ ఒకే పాలు పోస్తాడు. ఒకరు అలాగే కాచుకుని తాగుతారు. ఇంకొకరు తోడేసి పెరుగు చేసుకుంటారు. కండరాలు మొదటి రకం. టెస్టోస్టిరాన్‌ను దాదాపు అలాగే వాడుకుంటాయి. ప్రోస్టేట్ రెండో రకం. దాని దగ్గర తోడు లాంటి ఎంజైమ్ ఉంది. పేరు 5-ఆల్ఫా రిడక్టేజ్. ఇది టెస్టోస్టిరాన్‌కు రెండు హైడ్రోజన్ పరమాణువులు చేర్చి, డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. దాన్ని మేం డీహెచ్‌టీ అంటాం.

మార్పు చిన్నదే, ప్రభావం మాత్రం చాలా పెద్దది. కణంలో హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకానికి డీహెచ్‌టీ ఎక్కువ గట్టిగా అతుక్కుంటుంది, ఎక్కువసేపు వదలదు. అందుకే రక్తంలో టెస్టోస్టిరాన్ కొంత తగ్గినా గ్రంథి లోపల పెరుగుదల సంకేతం ఆగదు. పని పూర్తయిన డీహెచ్‌టీని మరికొన్ని ఎంజైములు బలహీనమైన పదార్థాలుగా మారుస్తాయి. చివరికవి మూత్రంలో బయటికి పోతాయి.

అంటే రక్తంలో హార్మోన్ ఎంత ఉందన్నది ఒక్కటే లెక్క కాదు. ఆ అవయవం దాన్ని ఏం చేసుకుందన్నది అసలు లెక్క. ‘‘టెస్టోస్టిరాన్ పరీక్ష నార్మల్ వచ్చింది, మరి ప్రోస్టేట్ ఎందుకు పెరిగింది, జుట్టు ఎందుకు ఊడుతోంది’’ అని అడిగేవారికి జవాబు ఇదే.

ఆంబోతు, కుక్క, ఎలుక చెప్పిన సంగతి

ఈ విషయం మనకు మనుషుల నుంచి కాదు, జంతువుల నుంచి తెలిసింది. ఆంబోతుకూ ఎద్దుకూ తేడా మన రైతులకు తరతరాలుగా తెలుసు. వృషణాలు నొక్కించిన కోడె నెమ్మదిస్తుంది, దాని ఒళ్లు తీరే మారుతుంది. అలాంటి పశువుల్లో ప్రోస్టేట్ కూడా చిన్నగా ఉండిపోతుందని 18వ శతాబ్దంలోనే లండన్ సర్జన్ జాన్ హంటర్ గమనించారు. వృషణాల నుంచి ఏదో వెళ్లి ఈ గ్రంథిని పోషిస్తోందన్నమాట. ఆ ‘ఏదో’కు టెస్టోస్టిరాన్ అని పేరు పెట్టింది 1935లో. దాన్ని ఎద్దు జాతి వృషణాల నుంచే వేరుచేశారు.

తర్వాతి అధ్యాయం కుక్కలది. ముసలితనంలో మనిషికి లాగే ప్రోస్టేట్ ఉబ్బే జంతువు కుక్క. షికాగోలో చార్లెస్ హగిన్స్ కుక్కల మీద పరిశోధనలు చేసి, వృషణాలు తొలగిస్తే ఆ ఉబ్బిన గ్రంథి కుంచించుకుపోతుందని చూపారు. ఆ దారిలోనే 1941లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్స మొదలైంది. అందుకు ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది.

అసలు మలుపు 1968లో వచ్చింది. అమెరికాలోని డల్లాస్‌లో నికొలస్ బ్రుకోవ్‌స్కీ, జీన్ విల్సన్ ఎలుకలకు రేడియోధార్మిక గుర్తు ఉన్న టెస్టోస్టిరాన్ ఎక్కించారు. తర్వాత ఆ ఎలుకల ప్రోస్టేట్ కణాల కేంద్రకాల్లో ఏముందో చూశారు. అక్కడ ఎక్కువగా ఉన్నది తాము ఎక్కించిన టెస్టోస్టిరాన్ కాదు, డీహెచ్‌టీ! అదే ఏడాది షికాగోలో ఆండర్సన్, లియావో కూడా ఇదే సంగతి చెప్పారు. గ్రంథి ఊరికే హార్మోన్‌ను అందుకునేది కాదు, తనకు కావలసిన రూపంలోకి వండుకునేదని అప్పుడే తేలింది.

1970లో విల్సన్ బృందం ఉబ్బిన కుక్క ప్రోస్టేట్లలో డీహెచ్‌టీ ఎక్కువగా ఉందని చెప్పింది. మనుషుల్లోనూ ఇలాగే పేరుకుపోతుందని చాలాకాలం అనుకున్నారు. 1983లో పాట్రిక్ వాల్ష్ బృందం ఆ పొరపాటును సరిదిద్దింది. అంతకుముందు పోల్చడానికి వాడిన మామూలు గ్రంథులు శవపరీక్షల్లో తీసినవి. మరణం తర్వాత వాటిలో డీహెచ్‌టీ తగ్గిపోయి ఉంటుంది. బతికున్నవారి శస్త్రచికిత్సల్లో తీసిన గ్రంథులతో పోలిస్తే తేడా లేదు. అంటే మనిషిలో అది అతిగా పేరుకోవడం కాదు, వయసు పైబడినా తగ్గకుండా ఉండిపోవడమే విశేషం.

జంతువుల్లో తేలిందల్లా మనిషికి అచ్చంగా సరిపోదనడానికి ఇంకో ఉదాహరణ. కుక్కకు ప్రోస్టేట్ ఉబ్బితే ఎక్కువగా మలవిసర్జన కష్టమవుతుంది. మనిషికి మూత్రం కష్టమవుతుంది. కారణం ఒకటే అయినా బాధ వేరు.

ఒక గ్రామం నేర్పిన పాఠం

జంతువుల్లో తేలిన విషయాన్ని మనుషుల్లో రుజువు చేసింది డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ గ్రామం. అక్కడి కొన్ని కుటుంబాల్లో కొందరు పిల్లలు ఆడపిల్లల్లా కనిపిస్తూ పుట్టేవారు. అలాగే పెరిగేవారు. యుక్తవయసులో గొంతు మారి, కండలు తిరిగి, మగపిల్లల శరీరం వచ్చేది. 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం దీని కారణం ప్రచురించింది. ఆ పిల్లల క్రోమోజోములు మగవే. వృషణాలున్నాయి, టెస్టోస్టిరాన్ ఉంది. పుట్టుకతో లోపించింది 5-ఆల్ఫా రిడక్టేజ్ ఒక్కటే.

ఆ లోపం ఉన్నవారిలో పెద్దయ్యాక ప్రోస్టేట్ చిన్నగానే ఉండేది. బట్టతల వచ్చేది కాదు. గడ్డం పలచగా ఉండేది. దీన్ని చూసి ఔషధ పరిశోధకులు ఒక ఆలోచన చేశారు. ఈ ఎంజైమ్‌ను పెద్దవయసులో మందుతో అడ్డుకుంటే ప్రోస్టేట్ వాపు తగ్గదా? అలా వచ్చిందే ఫినాస్టెరైడ్. అమెరికాలో 1992లో ప్రోస్టేట్ వాపునకు 5 మిల్లీగ్రాములుగా, 1997లో మగవారి బట్టతలకు 1 మిల్లీగ్రాముగా అనుమతి పొందింది. తర్వాత డ్యూటాస్టెరైడ్ వచ్చింది. ఫినాస్టెరైడ్ రక్తంలో డీహెచ్‌టీని సుమారు 70 శాతం తగ్గిస్తే, డ్యూటాస్టెరైడ్ 90 శాతానికి పైగా తగ్గిస్తుంది.

ఇప్పుడు ఆ గ్రామం నేర్పిన రెండో పాఠం. మగశిశువు బాహ్య జననాంగాలు తల్లి కడుపులో రూపుదిద్దుకోవాలంటే డీహెచ్‌టీ కావాలి. రెండో నెల చివరి నుంచి నాలుగో నెల దాకా అది కీలక సమయం. గర్భంతో ఉన్న ఎలుకలకు ఫినాస్టెరైడ్ ఇస్తే, పుట్టిన మగపిల్లల్లో మూత్రద్వారం ఉండాల్సిన చోట కాకుండా కింది వైపు ఏర్పడింది. అందుకే గర్భవతులు, గర్భం ధరించే అవకాశం ఉన్నవారు విరిగిన లేదా పొడి అయిన ఫినాస్టెరైడ్ మాత్రలను తాకకూడదని మందు వివరాల కాగితంలో రాసి ఉంటుంది. మన ఇళ్లలో ఆ కాగితం మడత కూడా విప్పకుండా చెత్తబుట్టలో పడుతుంది.

మా కోడలమ్మాయి ముఖం పాలిపోయింది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పైపూత చెక్కుచెదరని మాత్రను తాకితే భయం లేదు. వేళ్లకంటిన కాస్త పొడితో బిడ్డకు తప్పకుండా హాని జరుగుతుందనీ కాదు. కానీ తప్పించుకోగలిగిన ప్రమాదాన్ని ఎందుకు తెచ్చుకోవాలి? పొడి అంటితే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ చాకును వంటకు వాడకూడదు. విషయం ప్రసూతి డాక్టరుకు చెప్పి, నెలలు నిండేకొద్దీ చేయించే స్కానింగ్‌లు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. డ్యూటాస్టెరైడ్ అయితే ఇంకా జాగ్రత్త అవసరం. అది ద్రవం నింపిన క్యాప్స్యూల్. కారితే మందు చర్మం గుండా లోపలికి వెళ్తుంది.

ఇక్కడ ఒక మాట. ‘‘మగబిడ్డకే కదా ప్రమాదం, మరి కడుపులో ఎవరున్నారో చూసి చెప్పండి’’ అని అడిగేవారు ఉంటారు. చెప్పడం, అడగడం రెండూ చట్టరీత్యా నేరం. అసలు ఆ అవసరమూ లేదు. కడుపులో ఎవరున్నా పాటించాల్సిన జాగ్రత్త ఒక్కటే: ఆ మాత్రను ఆమె కోయకూడదు.

‘నార్మల్’ అని రాసి ఉన్న రిపోర్టు

ఆ రోజు మామగారి సంచిలో ఒక పీఎస్‌ఏ రిపోర్టు కూడా ఉంది. పీఎస్‌ఏ అంటే ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్. అది పెరిగితే వాపు, ఇన్‌ఫెక్షన్, క్యాన్సర్... వీటిలో ఏదైనా కావచ్చు. రిపోర్టులో 2.9 అని ఉంది. పక్కన 4 లోపు నార్మల్ అని అచ్చేసి ఉంది. ఆయన ధీమాగా ఉన్నారు. నిజం చెప్పాలంటే, నేనూ మొదట తలూపి పక్కన పెట్టేశాను. మళ్లీ ఆ స్ట్రిప్పు కంటపడ్డాకే ఆగాను.

ఫినాస్టెరైడ్ గానీ డ్యూటాస్టెరైడ్ గానీ ఆరు నెలలకు మించి వాడితే పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుంది. కాబట్టి వచ్చిన అంకెను రెండుతో గుణించి చూడాలి. ఆయనది 2.9 కాదు, 5.8 అనుకోవాలి. పాత రిపోర్టు తెప్పించాను. ఏడాది కిందట, అదే మాత్ర మీద ఉన్నప్పుడు, 1.4 ఉంది. మాత్ర వేసుకుంటుండగా పీఎస్‌ఏ పెరుగుతోందంటే, అంకె ‘నార్మల్’ గీత లోపలే ఉన్నా, తప్పనిసరిగా ఆరా తీయాలి. ఆయన్ని వెంటనే యూరాలజీకి పంపాను. క్యాన్సర్ అని చెప్పడానికి కాదు, కాదని తేల్చుకోవడానికి.

జుట్టు కోసం 1 మిల్లీగ్రాము వేసుకునేవారిలోనూ పీఎస్‌ఏ ఇలాగే తగ్గుతుంది. నలభై ఏళ్లకు జుట్టు కోసం మొదలుపెట్టి, యాభై అయిదేళ్లకు పీఎస్‌ఏ చేయించుకునే వ్యక్తి ఆ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పడు. ‘జుట్టు మందే కదా’ అనుకుంటాడు. ల్యాబ్‌కూ తెలియదు. రిపోర్టు మీద ‘నార్మల్’ అని వస్తుంది.

కుర్రాళ్లకు రెండు మాటలు

కొడుకును మర్నాడు ఫోన్లో పిలిపించాను. 31 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏ డాక్టరూ రాయలేదు. ఇంటర్నెట్‌లో చూసి మొదలుపెట్టాడు. ఫినాస్టెరైడ్ బట్టతలకు పనిచేసే మందే, అందులో సందేహం లేదు. అయితే కొద్దిమందిలో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, వీర్యం పరిమాణం తగ్గడం, రొమ్ముల్లో నొప్పి లేదా వాపు రావచ్చు. మందు ఆపాక చాలామందిలో తగ్గిపోతాయి. కొందరు మాత్రం ఆపాక కూడా బాధలు కొనసాగుతున్నాయని చెబుతున్నారు. మనసు కుంగిపోవడం కూడా ఉంది. ఈ మాత్రల వల్ల ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2025లో నిర్ధారించింది. మందు మొదలుపెట్టాక మనసు బాగోకపోతే ఆపి, వెంటనే డాక్టరును కలవాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారు కూడా ముందే సంప్రదించాలి.

చాకుతో కోసిన ముక్కల్లో మందు సమంగా ఉండదు. ఈరోజు ఎక్కువ, రేపు తక్కువ. మిగిల్చే డబ్బు ఆ గందరగోళానికి సరిపోదు.

రెండో మాట జిమ్ముల గురించి. కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునేవారు ఒకటి గమనించాలి. బయటి నుంచి హార్మోన్ వస్తే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆగిపోతాయి. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి. బట్టతల వచ్చే తత్వం ఉన్నవారిలో ఆ అదనపు హార్మోన్ డీహెచ్‌టీగా మారి జుట్టూ రాలుతుంది. ఇక ‘డీహెచ్‌టీ బ్లాకర్’ పేరుతో అమ్మే సా పామెట్టో అనే మూలిక గుళికల సంగతి. ప్రోస్టేట్ వాపు ఉన్నవారిలో దీన్ని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన పెద్ద పరీక్షల్లో, 2006లోనూ 2011లోనూ, అదనపు ప్రయోజనం కనిపించలేదు.

ఇంట్లో ఇవి పాటించండి

* ఒకరికి రాసిన మాత్రను ఇంకొకరు పంచుకోవద్దు. పేరు ఒకటే అయినా మోతాదు, అవసరం, ప్రమాదం వేరు.
* మీ స్ట్రిప్పు వెనక చూడండి. ఫినాస్టెరైడ్ లేదా డ్యూటాస్టెరైడ్ అని ఉంటే, మీరు కలిసే ప్రతి డాక్టరుకూ చెప్పండి. పీఎస్‌ఏకు రక్తమిచ్చేటప్పుడు చీటీ మీద రాయించండి.
* చాలా స్ట్రిప్పుల మీద దీంతో పాటు టామ్సులోసిన్ పేరూ ఉంటుంది. అది కండరాన్ని వదులు చేసి కొద్దిరోజుల్లోనే మూత్రం సాఫీగా వచ్చేలా చేస్తుంది. లేవగానే కళ్లు తిరగవచ్చు కాబట్టి నెమ్మదిగా లేవాలి. గ్రంథిని కుదించే మందు మాత్రం ఫలితం చూపడానికి ఆరు నెలల దాకా పడుతుంది. నెల వాడి పనిచేయలేదని ఆపొద్దు.
* రక్తదానం చేయాలనుకుంటే ఫినాస్టెరైడ్ ఆపి నెల, డ్యూటాస్టెరైడ్ ఆపి ఆరు నెలలు ఆగాలి. ఆ రక్తం ఏ గర్భవతికి ఎక్కుతుందో మనకు తెలియదు.
* మూత్రం పూర్తిగా ఆగిపోయినా, అందులో రక్తం కనిపించినా, చలిజ్వరంతో మూత్రం మంట వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. ఆస్పత్రికి వెళ్లండి.

పోయిన వారం ఆ కోడలమ్మాయి మూడో నెల స్కానింగ్ రిపోర్టుతో వచ్చింది. బిడ్డ ఎదుగుదల బాగుంది. అయిదో నెల స్కానింగ్ ఇంకా చేయించాలి. మామగారికి ఎంఆర్ఐ తేదీ ఇచ్చారు. కొడుకు చర్మవైద్యుణ్ని కలిశాడట, తన మందు తనే విడిగా కొనుక్కుంటున్నాడు. ‘‘మాత్రల డబ్బా పైఅరలోకి మార్చాను డాక్టరు గారూ, నాకు అందకుండా’’ అని చెప్పిందామె. ఈ ఆదివారం మీ ఇంట్లోని మందుల డబ్బా కూడా ఒకసారి బల్ల మీద గుమ్మరించి చూడండి. ఏ మాత్ర ఎవరిది, ఎందుకు, ఎవరు ముట్టుకోకూడదు అని ఇంటిల్లిపాదీ కలిసి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.